జామ్ సీసా వంటగట్టు మీద ఉంచాలా, ఫ్రిజ్‌లో పెట్టాలా?

మూత తీసిన జామ్ బయట ఉంటే పాడవుతుందా అన్న ప్రశ్నకు అన్ని సీసాలకూ సరిపోయే జవాబు లేదు. కొట్లో కొన్న మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్, ఇంట్లో గుజ్జుకు తగినంత చక్కెర పోసి కాచిన మామిడి జామ్, షుగర్ ఉన్నవాళ్ల కోసం చక్కెర తగ్గించి చేసినది, అసలు కాచకుండా చియా గింజలతో చిక్కబరిచినది. ఈ నాలుగూ చూపుకి ఒకేలా ఉంటాయి, బ్రెడ్ మీద ఒకేలా పరుచుకుంటాయి. బయట పెడితే మాత్రం మొదటిది చలికాలంలో నెల రోజులు హాయిగా నిలుస్తుంది, చివరిది ఎండాకాలంలో రెండు మూడు రోజులకే పులిసిపోతుంది. అందుకే మీ చేతిలో ఉన్నది వీటిలో ఏదో ముందు తేల్చుకోవాలి. ఎక్కడ పెట్టాలన్నది ఆ తర్వాతి మాట.

కాపలా కాసేది చక్కెర

పండులో నీళ్లెక్కువ. ఆ నీళ్లే సూక్ష్మజీవులకు ఆధారం. గుజ్జులో చక్కెర బాగా కరిగితే నీటిని అది తనతో కట్టేసుకుంటుంది. తడి కంటికి కనబడుతున్నా, బాక్టీరియాకు తాగడానికి దొరకదు. ఇలా దొరికే నీటి పాలును వాటర్ యాక్టివిటీ అనే కొలతతో చెబుతారు. మంచినీళ్లకు అది 1. చక్కెర నిండుగా ఉన్న జామ్‌కు సుమారు 0.75 నుంచి 0.85 మధ్య. తిండిని విషం చేసే బాక్టీరియాలో ఎక్కువ రకాలు 0.9 కింద పెరగలేవు. వాటిలో మొండిదైన స్టెఫిలోకాకస్ కూడా 0.86 దగ్గర ఆగిపోతుంది. ఆవకాయలో ఉప్పు చేసే పనే ఇక్కడ చక్కెర చేస్తుంది. జాడీలో తడి గరిటె పెట్టనివ్వని ఇంట్లో జామ్ సీసాకూ అదే పట్టింపు ఉండాలి.

రెండో కాపలా పులుపు. దాన్ని పీహెచ్ అనే కొలతతో చెబుతారు, ఆ అంకె ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ. బాగా కుదిరిన జామ్ పీహెచ్ 3 నుంచి 3.5 దాకా ఉంటుంది. బాట్యులిజమ్ అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే విషాన్ని తయారుచేసే సూక్ష్మజీవి 4.6 కంటే తక్కువ పీహెచ్‌లో పెరగదు. చక్కెరా పులుపూ రెండూ సరిగ్గా ఉన్న జామ్ బయట ఉన్నంత మాత్రాన మనిషిని ఆసుపత్రి పాలు చేసే అవకాశం చాలా తక్కువ. దానికి ఉన్న శత్రువులు రెండే: బూజు, తీపిలోనూ బతకగల ఈస్టు. వీటిలో కొన్ని రకాలు వాటర్ యాక్టివిటీ 0.65 కంటే కిందకు పడినా నెమ్మదిగా పెరుగుతూనే ఉంటాయి. ఫ్రిజ్ అవసరం పడేది వీటి కోసమే. చల్లదనం వాటిని చంపదు, వేగం తగ్గిస్తుంది.

కొన్న జామ్ అయితే

మన దేశంలో సీసా మీద జామ్ అని రాసి అమ్మాలంటే ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం అందులో కరిగిన ఘనపదార్థం, అంటే ప్రధానంగా చక్కెర, 65 శాతానికి తగ్గకూడదు. పండు 45 శాతం ఉండాలి (స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీ జామ్‌లకు 25 శాతం చాలు). దీనికి తోడు చాలా కంపెనీలు నిల్వ పదార్థం కలుపుతాయి. లేబుల్ మీద ఐఎన్ఎస్ (కలిపిన పదార్థానికి ఇచ్చే కోడ్ నంబరు) 211 అని ఉంటే సోడియం బెంజోయేట్, 202 అని ఉంటే పొటాషియం సార్బేట్. ఇవి బూజునూ ఈస్టునూ అడ్డుకోవడానికే.

లేబుల్‌లో అసలు చూడాల్సింది మరొకటి ఉంది. పోషకాల పట్టికలో వంద గ్రాములకు కార్బోహైడ్రేట్లు ఎన్ని గ్రాములో చదవండి. 65కు అటూ ఇటూగా, అంతకు మించి ఉంటే అది నిండు చక్కెర జామ్. 40, 30 అని ఉంటే, ముందు వైపు ఎంత అందమైన పండ్ల బొమ్మ ఉన్నా, దాన్ని ఫ్రిజ్ సరుకుగానే లెక్కపెట్టాలి. ‘ఫ్రూట్ స్ప్రెడ్’ పేరుతో వచ్చేవాటిలో ఇలాంటివి చాలా ఉంటాయి. జామ్ అన్న పేరు లేదంటే 65 శాతం నిబంధన దానికి వర్తించకపోవచ్చు. ఇక లేబుల్ మీదే ‘తెరిచాక ఫ్రిజ్‌లో ఉంచండి’ అని ఉంటే వాదన అక్కర్లేదు. ఆ జామ్ తయారీ ఏ లెక్కతో చేశారో వాళ్లకే బాగా తెలుసు.

నిండు చక్కెర జామ్‌ను నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, వంటింట్లో 25 నుంచి 28 డిగ్రీలు దాటని రోజుల్లో, మూత తీశాక నెల రోజుల వరకు బయట ఉంచవచ్చు. పొయ్యికి దూరంగా, ఎండ తగలని అలమరలో ఉండాలి. పొయ్యి పైన ఉండే అర మాత్రం వంటింట్లో అన్నిటికన్నా వేడి చోటు. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో రామగుండంలోనో గది లోపలే 36, 38 డిగ్రీలు ఉన్నప్పుడు అదే సీసాను బయట ఉంచమని మేం చెప్పం. విషమవుతుందని కాదు. ఆ వేడికి రంగు గోధుమకు తిరుగుతుంది, పండు వాసన పోయి మాడిన చక్కెర వాసన వస్తుంది, పొరపాటున పడిన ఈస్టు జోరందుకుంటుంది. ‘చల్లని పొడి ప్రదేశం’ అని లేబుల్ మీద రాసినప్పుడు వాళ్ల మనసులో ఉన్నది మన మే నెల వంటిల్లు కాదు. ఫ్రిజ్‌లో పెడితే ఇదే జామ్ ఆరు నెలల దాకా బాగుంటుంది.

ఇంట్లో కాచినది: గట్టిపడితే సరిపోయినట్టు కాదు

ఇంటి జామ్ విషయంలో ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. చల్లటి పళ్లెం మీద చుక్క వేసి వేలితో నెడతారు, ముడత పడితే అయిపోయిందంటారు. ఆ పరీక్ష పండులో ఉండే, జామ్‌ను గట్టిపరిచే పెక్టిన్ పట్టుకుందని మాత్రమే చెబుతుంది. చక్కెర ఎంత శాతానికి చేరిందో చెప్పదు. జామపండులో పెక్టిన్ దండిగా ఉంటుంది కనుక జామపండు జామ్ 55 శాతం దగ్గరే గట్టిపడిపోగలదు. చూడ్డానికి కొట్లో జామ్‌లాగే ఉంటుంది, బయట పెడితే రెండు వారాల్లో బూజు పట్టవచ్చు. పెక్టిన్ పొడి వేసి చేసినవాటికీ ఇదే చిక్కు.

తూకం వేస్తే ఈ అనుమానమే ఉండదు. కిలో మామిడి గుజ్జులో సహజంగా ఉండే చక్కెర, ఇతర ఘనపదార్థాలు సుమారు 150 గ్రాములు. దానికి 750 గ్రాముల చక్కెర కలిపితే మొత్తం 900 గ్రాములు. ఇది 65 శాతం కావాలంటే గిన్నెలో మిగలాల్సిన జామ్ సుమారు 1,385 గ్రాములు. 68 శాతం కావాలంటే 1,325. అంటే కలిపిన 1,750 గ్రాముల్లో దాదాపు 400 గ్రాముల నీరు ఆవిరవ్వాలి. కాచే ముందు ఖాళీ గిన్నెను, గరిటెతో సహా, తూచి రాసిపెట్టుకోండి. ఉడుకుతుండగా దించి తూచండి. గిన్నె బరువు పోను 1,350 దగ్గరికి వచ్చిందంటే నిలవ ఉండే జామ్ తయారైనట్టే. పది కిలోల దాకా తూచే మామూలు వంటింటి త్రాసు చాలు. కరిగిన చక్కెర శాతాన్ని బ్రిక్స్ అనే అంకెలో చూపే రిఫ్రాక్టోమీటర్ కొనేవాళ్లు 0 నుంచి 90 బ్రిక్స్ దాకా చూపేదే తీసుకోవాలి. 0 నుంచి 32 దాకా చూపేది పండ్ల రసాలకు పనికొస్తుంది, జామ్‌కు కాదు.

థర్మామీటర్‌తో చూసేవాళ్లు ‘105 డిగ్రీలు’ అన్న అంకెను గుడ్డిగా పట్టుకోకండి. అది సముద్ర మట్టంలో లెక్క. నీళ్లు మరిగే వేడికి నాలుగున్నర నుంచి ఐదు డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నది అసలు సూత్రం. విశాఖలో నీళ్లు 100 దగ్గర మరుగుతాయి, హైదరాబాద్‌లో 98 దగ్గర, అరకులో సుమారు 97. హైదరాబాద్‌లో 105 కోసం ఎదురుచూస్తే జామ్ పాకం ముదిరి సాగుడుగా తయారవుతుంది. ముందు మీ థర్మామీటర్‌ను మరిగే నీళ్లలో పెట్టి చూసి, వచ్చిన అంకెకు ఐదు కలుపుకోండి.

పులుపు సంగతి పండును బట్టి మారుతుంది. అనాస, స్ట్రాబెర్రీ వాటంతటవే పుల్లన. కలెక్టర్ మామిడికి బంగినపల్లి కంటే పులుపెక్కువ, చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలు దాన్నే ఎక్కువగా తీసుకుంటాయి. బాగా మగ్గిన బంగినపల్లి పీహెచ్ 4 దాటిపోతుంది. బొప్పాయి, అరటి, సపోటా, సీతాఫలం, పుచ్చకాయ ఇంకా చప్పన, 5 చుట్టుపక్కల ఉంటాయి. వీటితో చేసేటప్పుడు కిలో గుజ్జుకు కనీసం 5 గ్రాముల నిమ్మ ఉప్పు, లేదా రసమున్న నిమ్మకాయలు నాలుగు పిండాలి. పులుపు తగిలితే పెక్టిన్ కూడా బాగా పట్టుకుంటుంది. చక్కెర గడ్డలు కట్టే బెడదా తగ్గుతుంది. సపోటా, సీతాఫలం జామ్‌లను మాత్రం పులుపు వేసినా ఫ్రిజ్‌లోనే ఉంచమని మా సలహా. పండు పండుకీ తేడా ఉంటుంది, ఇంట్లో ఆ పులుపు సరిపోయిందో లేదో నాలుకతో తేల్చలేం. తీపి పులుపును కప్పేస్తుంది.

చక్కెర బదులు బెల్లం వేసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. బెల్లంలో కొంత తేమ, ఖనిజ లవణాలు ఉంటాయి. 750 గ్రాముల బెల్లం 750 గ్రాముల చక్కెరకు సమానం కాదు. ఇంకాస్త ఎక్కువ సేపు కాచాలి, నిమ్మ ఎక్కువ వేయాలి. తేనె వేస్తే అందులో ఐదో వంతు దాకా నీరే. తేనె వేసిన జామ్ ఏడాది లోపు పసిపిల్లలకు పెట్టకూడదు, కాచినా సరే.

ఇక సీసా. గాజు సీసాలను పది నిమిషాలు నీళ్లలో మరిగించి, వేడి వేడి జామ్‌ను పైన పావు అంగుళం వదిలి నింపి, కొత్త మూత పెట్టి, అడుగున గుడ్డ వేసిన లోతు గిన్నెలో సీసాలు మునిగేలా నీళ్లు పోసి మరో పది నిమిషాలు మరిగించాలి. చల్లారాక మూత మధ్యభాగం లోపలికి లాగి ఉంటుంది, నొక్కితే టిక్కుమనదు. అలాంటి సీసాను చీకటి అలమరలో ఆరు నెలలు ఉంచవచ్చు. కాఫీ పొడి సీసా, పచ్చడి సీసా పాత మూతలు అలా గాలి చొరకుండా పట్టుకోవు. వాటిలో పోసిన జామ్ తెరిచిన జామ్ కిందే లెక్క. సీసాను తలకిందులు చేసి చల్లార్చితే మూత బిగుస్తుందన్న మాట చాలా మంది చెబుతారు. అలా పట్టిన పట్టు బలహీనంగా ఉంటుంది, దాన్ని నమ్మి నెలల తరబడి బయట ఉంచకండి.

తెరిచాక ఇంటి జామ్‌కు ఫ్రిజ్ ఎప్పుడూ మంచిది. అందులో నిల్వ మందు ఉండదు కనుక కొన్న జామ్‌కు ఇచ్చినంత గడువు దీనికి ఇవ్వలేం. ఫ్రిజ్‌లో నెల రోజులు రుచి చెడకుండా ఉంటుంది. బయట, అదీ చలికాలంలో, పది రోజుల్లో అయిపోయే చిన్న సీసా అయితే పర్వాలేదు.

చక్కెర తగ్గిస్తే ఫ్రిజ్ తప్పదు

ఇందాకటి లెక్కనే ఇక్కడా వేసి చూడండి. కిలో గుజ్జుకు 400 గ్రాముల చక్కెరే వేశారనుకుందాం. ఘనపదార్థం మొత్తం 550 గ్రాములు. 65 శాతం రావాలంటే గిన్నెలో 850 గ్రాములే మిగలాలి. అంటే కలిపిన 1,400లో 550 గ్రాముల నీరు పోవాలి. అంతసేపు కాస్తే పండు రంగూ వాసనా పోయి తాండ్ర ముద్దలా తయారవుతుంది. అందుకే అందరూ 1,100 గ్రాముల దగ్గరే దించేస్తారు. అప్పుడది సరిగ్గా 50 శాతం. ఆ దశలో బూజుకు అడ్డే ఉండదు. పండు చప్పనిదైతే బాక్టీరియాకు కూడా తలుపు తెరిచినట్టే.

స్టీవియా, సుక్రలోజ్ తీపినిస్తాయి, అంతే. వేసేది చాలా కొద్ది కనుక నీటిని కట్టే పని వాటివల్ల కాదు. వాటితో చేసినదాన్ని తీపి కలిపిన పండ్ల గుజ్జుగానే చూడాలి. దాన్ని నిల్వ సరుకనుకోకూడదు. చప్పటి పండుతో, చక్కెర లేకుండా చేసి, గాలి చొరకుండా మూత బిగించి అలమరలో దాచడం అన్నిటికన్నా ప్రమాదకరమైన పద్ధతి. బాట్యులిజమ్ క్రిమికి కావలసింది సరిగ్గా అదే: తడి, తక్కువ పులుపు, గాలి లేని చోటు. ఆ విషానికి రంగు, వాసన, నురగ ఏవీ ఉండకపోవచ్చు. బొప్పాయి, అరటి స్టీవియా జామ్‌లను వారానికి సరిపడా చేసుకుని ఫ్రిజ్‌లోనే ఉంచండి.

తగ్గించిన చక్కెర జామ్ తెరిచాక ఫ్రిజ్‌లో రెండు వారాలు. చియా గింజలతో కాచకుండా చేసినది వారం. అంతకన్నా ఎక్కువ చేశారంటే చిన్న డబ్బాల్లో పోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి, ఏడాది దాకా ఉంటుంది. డబ్బా పైన అర అంగుళం వదలండి, గడ్డకట్టినప్పుడు ఉబ్బుతుంది. మామిడి సీజన్‌లో షుగర్ ఉన్నవాళ్ల కోసం చేసే జామ్‌కు ఈ దారే మాకు అన్నిటికన్నా నచ్చింది. చక్కెరతో రాజీ పడాల్సిన పనిలేదు, రంగు కూడా నిలుస్తుంది.

మూత కింద జరిగేది

అన్నీ సరిగ్గా చేసిన జామ్‌కు కూడా బూజు ఎందుకు పడుతుందో తెలియాలంటే మూత లోపలి వైపు చూడాలి. వేడి తగ్గకుండా మూత పెట్టేసినా, ఫ్రిజ్ నుంచి తీసి అరగంట బల్ల మీద ఉంచి మళ్లీ లోపల పెట్టినా, మూత అడుగున సన్నటి నీటి బొట్లు చేరతాయి. అవి జామ్ మీద పడతాయి. పడిన చోట, ఆవగింజంత మేర, చక్కెర పలచబడిపోతుంది. సీసా అంతా 68 శాతం ఉన్నా ఆ చుక్క కింద 50 కూడా ఉండదు. బూజు మొదలయ్యేది అక్కడే, ఎప్పుడూ పై పొరలోనే. విశాఖ, కాకినాడ లాంటి ఉక్క ఎక్కువ ఉండే ఊళ్లలో ఫ్రిజ్ సీసాను తెరిచిపెడితే చల్లటి జామ్ మీదే నేరుగా తేమ పడుతుంది.

అందుకే ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లు కావలసినంత గిన్నెలోకి తీసుకుని సీసాను వెంటనే లోపల పెట్టేయాలి. రోజూ బయటికీ లోపలికీ తిప్పడం కంటే చలికాలంలో పూర్తిగా బయట ఉంచడమే నయం. బ్రెడ్ మీద రాసిన చాకును మళ్లీ సీసాలో ముంచితే రొట్టె పొడి, వెన్న, వాటితో పాటు బూజు విత్తనాలూ లోపలికి పోతాయి. జామ్ తీయడానికి ఒక పొడి చెంచా, రాయడానికి వేరొకటి పెట్టుకోండి. పిల్లలున్న ఇంట్లో ఫ్రిజ్ కన్నా ఈ అలవాటే జామ్‌ను ఎక్కువ కాపాడుతుంది.

ఎవరికి ఏది

హాస్టల్‌లో ఫ్రిజ్ లేనివాళ్లు నిండు చక్కెర జామ్ వంద, రెండు వందల గ్రాముల సీసాల్లో కొనుక్కోవాలి. కిలో సీసా గ్రాముకు చవకే, కానీ మూడు నెలలు బయట తెరిచి ఉంచే సరుకు కాదది. ఒక్క పూటకు సరిపోయే చిన్న ప్యాకెట్లు ఇంకా భద్రం. చీమలకు భయపడి మూతను పాలిథీన్ కవర్‌తో కట్టేస్తే లోపల చెమ్మ చేరుతుంది, సీసాను నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెడితే చాలు.

రోజూ టిఫిన్‌కు జామ్ వాడే నలుగురి ఇంట్లో అర కిలో సీసా మూడు వారాల్లో అయిపోతుంది. చలికాలంలో బయట, మార్చి నుంచి అక్టోబరు దాకా ఫ్రిజ్‌లో. వానాకాలాన్ని కూడా ఇందులో కలిపాం, ఎందుకంటే అప్పుడు వేడి తగ్గినా గాల్లో చెమ్మ, బూజు రెండూ ఎక్కువే. ఎప్పుడో ఒకసారి తినే ఇద్దరే ఉన్న ఇంట్లో ఏ కాలమైనా ఫ్రిజ్‌లోనే ఉండాలి.

కరెంటు పోయినప్పుడు నిండు చక్కెర జామ్ గురించి దిగులక్కర్లేదు, రాత్రంతా పోయినా ఏమీ కాదు. చక్కెర తగ్గించినదాని సంగతి వేరు. తలుపు తీయకపోతే ఫ్రిజ్‌లో చల్లదనం నాలుగు గంటలు నిలుస్తుంది. అది దాటి గది వేడికి వచ్చేసిందంటే చియా జామ్, స్టీవియా జామ్ పారేయడమే.

ఏది పారేయాలి, ఏది అక్కర్లేదు

అడుగున చక్కెర రవ్వలు కనబడితే అది చెడినట్టు కాదు, సీసాను వేడినీళ్లలో కాసేపు నిలబెడితే కరుగుతాయి. పై పొర కాస్త నల్లబడటం గాలి తగలడం వల్ల, తినవచ్చు. పైన పలచటి పాకం ఊరితే పొడి చెంచాతో కలిపి, ఫ్రిజ్‌లో పెట్టి, త్వరగా వాడేయండి.

బుడగలు, మూత తీయగానే బుస్సుమన్న చప్పుడు, కల్లు వాసన ఉంటే ఈస్టు పులియబెట్టేసిందని అర్థం. పారేయాలి. బూజు ఆవగింజంత ఉన్నా అంతే. పైపైన తీసేసి మిగతాది తినే అలవాటు చాలా ఇళ్లలో ఉంది, దాన్ని మానుకోమని గట్టిగా చెబుతున్నాం. మెత్తటి జామ్‌లో బూజు దారాలు కంటికి కనబడకుండా లోపలికి దిగుతాయి. కొన్ని బూజులు విషాలు వదులుతాయి, ఆపిల్ మీద పెరిగే పెనిసిలియం వదిలే పాట్యులిన్ అలాంటిదే. పులుపున్న జామ్‌లో అది మళ్లీ కాచినా పూర్తిగా పోదు. బూజు సీసాను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడకండి. మూత పెట్టి అలాగే చెత్తలో వేయండి. గాజు సీసా దాచుకోవాలనుకుంటే సబ్బుతో కడిగి పది నిమిషాలు మరిగించండి. మూత మాత్రం కొత్తది తెచ్చుకోండి. పాత మూత రబ్బరు అంచులో బూజు విత్తనాలు మిగిలిపోతాయి.